కండెల సందులో పగిలిన సాక్షి

మా ఆవిడ ఇదలీనా ఏ వీధిలోనైనా నడిమధ్యనే నడుస్తుంది. వాన కురుస్తున్నా చూరు కిందికి రాదు. పెళ్ళికి ముందు ఒక సాయంత్రం నేనామెను ఒక పాత గుమ్మం కిందికి లాగి ముద్దు పెట్టుకోబోతే, నా భుజం మీదుగా పైకి చూస్తూ, "ఆ గుమ్మం పైరాయి నెర్రె ఇచ్చింది ఫిర్మీనూ, ఇటు జరుగు" అంది. అదీ మా ఆవిడ.

ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు ఆమె చేసిన ఉద్యోగం గోడల పగుళ్ళు కొలవడం. మా పోర్తు ఊళ్ళో ఇళ్ళన్నీ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడి ఉంటాయి. ఒకటి కదిలితే నాలుగు కదులుతాయి. ఇదలీనా ఇంజనీరు కాదు. ఇంజనీర్ల వెనక గాజుముక్కల సంచీ, ప్లాస్టర్ డబ్బా మోసుకుంటూ వెళ్ళే సహాయకురాలు. పగులుకి అడ్డంగా వేలెడు వెడల్పు, జానెడు పొడవున్న పలచటి గాజుముక్క పెట్టి, రెండు కొసల్నీ ప్లాస్టర్ ముద్దతో గోడకి అతికిస్తారు. గాజు మీద తేదీ గీస్తారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగిలిపోతుంది. ఆ గాజుముక్కని వాళ్ళ పనిలో సాక్షి అంటారు. ఊళ్ళో ఉన్న సాక్షుల్లో సగం మా ఆవిడ చేత్తో అతికించినవే.

నేను ట్రాము నడిపినవాణ్ణి. పట్టాలున్నంత మేరే నాకు తెలిసిన ఊరు. మెట్లదారులూ, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒదగాల్సిన ఇరుకు సందులూ అన్నీ ఆవిడవి. అరవై తొమ్మిదో ఏట నా తుంటి ఎముకకి ఆపరేషన్ ఖాయమైంది. తరవాత మూడు నెలలు ఇంట్లోంచి కదలకూడదన్నారు. "ఈలోగా ఒక్కరోజు నీ ఊరు నాకు చూపించవే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, తొందర లేకుండా, నడుచుకుంటూ" అని నేనే అడిగాను. ఆవిడ నవ్వింది. "కాలొక్కటి సరిగ్గా లేనప్పుడు గుర్తొచ్చిందా నా ఊరు?" అంది.

యోహాను పండగ మర్నాడు బయల్దేరాం. ఆ రోజు ఊరికంతా సెలవు. రాత్రంతా జనం వీధుల్లో తిరిగి, సార్డీన్ చేపలు కాల్చుకు తిని, ఒకరి నెత్తిన ఒకరు ఆటకి ప్లాస్టిక్ సుత్తులతో, వెల్లుల్లి కాడలతో కొట్టుకుని, తెల్లారాక పడుకున్నారు. తొమ్మిదింటికి మేం పెద్ద గుడి కొండెక్కేసరికి కాకులు తప్ప ఎవరూ లేరు. రాళ్ళ మీద రంగుకాగితాల తునకలు, నలిగిన వెల్లుల్లి కాడలు, చల్లారిన బొగ్గులు. గుడి ముందు గోడ మీద కూచుని దోరు నదిని చూశాం. కింద పడవలు కూడా నిద్రపోతున్నట్టే ఉన్నాయి.

ఆ రెండు గంటలూ నాకు హాయిగా గడిచాయి. ఇదలీనా ముందు, నేను చేతికర్రతో వెనక. ఒక చోట ఆగి, ఉబ్బెత్తుగా ఉన్న గోడని చూపించి, "దీనికి కడుపొచ్చి నలభై ఏళ్ళయింది, ఇంకా కనలేదు" అనేది. ఇంకో చోట పలకరించినట్టుగా ఒక గాజుముక్కని వేలితో తాకి, "ఇది తొంభై మూడులోది. బాగున్నావా?" అనేది. కిటికీలోంచి కాఫీ అమ్మే ఒకామె దగ్గర నిలబడి కాఫీ తాగాం, వెన్న రాసిన రొట్టె తిన్నాం. అంత తేలికైన మనసుతో ఆమె నడవడం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు.

పదకొండు దాటాక కండెల సందులోకి తిరిగాం. సన్నటి సందు, నది వైపుకి వాలుగా దిగుతుంది. అక్కడ జనం అప్పటికే లేచారు. సందు పొడవునా చెక్కబల్లలు వరసగా చేర్చి, దుప్పట్లు పరుస్తున్నారు. పండగ మర్నాటి మధ్యాహ్నం సందు వాళ్ళంతా కలిసి భోంచెయ్యడం వాళ్ళ ఆనవాయితీ. ఏదో ఇంట్లో పొయ్యిలో మేకపిల్ల మాంసం కాలుతున్న వాసన నా కడుపులోకి నేరుగా దిగింది.

"ఇక్కడొకటి ఉండాలి" అంది ఇదలీనా. "నేను రిటైరయ్యే ముందు పెట్టింది."

బల్లల వెనక ఒక పాడుబడ్డ ఇల్లుంది. కప్పు ఎప్పుడో కూలిపోయింది, కిటికీలు ఇటుకలతో మూసేశారు. నాలుగంతస్తుల ఎత్తు ముందుగోడా, ఒక పక్కగోడా మాత్రం నిలబడి ఉన్నాయి. ఆ ఇంటి పక్కగోడే పక్కింటికీ గోడ. ఆ పక్కింట్లో మనుషులున్నారు, పై కిటికీలో బట్టలు ఆరేసి ఉన్నాయి.

ఇదలీనా గోడ దగ్గరికి వెళ్ళి వంగింది. అలాగే ఉండిపోయింది.

"ఏమైంది?"

నేను దగ్గరికెళ్ళాను. గాజుముక్క రెండుగా విరిగి ఉంది. రెండు ముక్కలూ గోడకే అంటుకుని ఉన్నాయి కానీ, ఒకటి కిందికి, ఒకటి పైకి జరిగి, మధ్యలో గోరంత సందు.

"ఎవడో పిల్లాడు బంతి కొట్టుంటాడు" అన్నాను.

"బంతి కొడితే ముక్కలు రాలిపోతాయి, జరగవు." ఆమె గొంతు చాలా చిన్నగా ఉంది. పగుల్లోకి తొంగిచూసింది. "లోపల బూజు లేదు, నాచు లేదు. తెల్లగా ఉంది." తరవాత నేల మీద కూచుంది. అరవై ఏడేళ్ళ మనిషి, పండగ గౌనుతో, ఆ రాళ్ళ మీద. గోడ అంచున సన్నటి సున్నపు పొడి గీతలా పడి ఉంది. దాన్ని వేలితో పక్కకి నెట్టింది. పొడి కింద రంగుకాగితం తునకలున్నాయి.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తరవాత తట్టింది. ఆ కాగితాలు రాత్రి చల్లినవి. పొడి వాటి మీద ఉంది. అంటే గోడ కదిలింది రాత్రి జనం వెళ్ళిపోయాక. ఈ పొద్దున.

"ఎవరమ్మా అక్కడ గోడని తడుముతున్నది? గోడకేమన్నా జ్వరమొచ్చిందా?"

గట్టి గొంతు. బల్లల దగ్గరివాళ్ళు నవ్వారు. చేతుల్లో పళ్ళేల దొంతరతో ఒకామె వస్తోంది. యాభై అయిదు, అరవై మధ్య ఉంటుంది, చేపల అంగట్లో అరిచి అరిచి రాటుదేలిన గొంతు. ఇదలీనా లేచి వెనక్కి తిరిగింది. పళ్ళేల ఆవిడ ఆగిపోయింది. నవ్వు ఆగిపోయింది.

"నువ్వా" అంది. ఆమె జుల్మీరా.

ఇరవై రెండేళ్ళ కిందట ఏం జరిగిందో ఇక్కడ చెప్పాలి. ఆ డిసెంబరులో ఎడతెగని వానలు. నది ఒడ్డునున్న ఒక పెద్ద ఇంట్లో ఇదలీనా పెట్టిన సాక్షి విరిగింది. ఆమె పరుగున వెళ్ళి ఇంజనీరుకి చెప్పింది. ఆయన ఆ సాయంత్రమే పదకొండు కుటుంబాల్ని ఖాళీ చేయించి ఒక బడి వ్యాయామశాలలో పడుకోబెట్టాడు. గోడకి దూలాలు ఆనించారు. క్రిస్మస్ పోయింది, కొత్త సంవత్సరం వచ్చింది, ఇల్లు పడలేదు. ఆ చలి నేల మీద పరుపేసుకుని పడుకున్న ఒక ముసలమ్మ ఊపిరితిత్తుల జబ్బు చేసి పన్నెండో రోజున చనిపోయింది. ఆమె కూతురే జుల్మీరా. అంత్యక్రియల దగ్గరికి ఇదలీనా పువ్వులు పట్టుకు వెళ్తే, అందరి ముందూ, "నీ గాజుపెంకు విరిగిందని మా అమ్మని చంపేశావు" అంది. ఇంజనీరుని వేరే ఊరికి పంపేశారు. ఇదలీనా ఉద్యోగం పోలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె కొలత రాసిన కాగితం ఇచ్చేది, అంతే. దాని అర్థమేమిటో నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. రిటైరయ్యేదాకా చెప్పలేదు.

జుల్మీరా తరవాత ఏ సందులోకి మారిందో మాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది.

"ఏం చూశావు?" అంది జుల్మీరా. పళ్ళేలు బల్ల మీద పెట్టింది, చప్పుడయ్యేలా. "చెప్పు. మళ్ళీ ఏం విరిగింది? మళ్ళీ ఎవరిని బయటికి తోలాలి?"

ఇదలీనా వేలు విరిగిన గాజు వైపు లేచి, మళ్ళీ దిగిపోయింది.

నేను చేసిన పని చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది. నేనామె మోచెయ్యి పట్టుకున్నాను. "పద. రేపు ఆఫీసు తెరిచాక ఫోన్ చేసి చెబుదాం" అన్నాను. "ఇవాళ మన రోజు" అని కూడా అన్నాను.

ఆమె నా వెంట వచ్చింది. నలభై అడుగులు, సందు మలుపు దాకా. వెనక బల్లల దగ్గర ఎవరో ఏదో అన్నారు, జనం నవ్వారు. మలుపు దగ్గర ఇదలీనా ఆగింది.

"ఎన్ని వేశారు?"

"ఏంటి?"

"కుర్చీలు."

నేను లెక్కపెట్టలేదు.

"ఇరవై ఆరు" అంది ఆమె. "అందులో మూడు చంటిపిల్లలవి, ఎత్తు కుర్చీలు. ఆ మూడూ గోడ పక్కనే వేశారు. అటు నీడగా ఉందని."

నా చెయ్యి విదిలించుకుని వెనక్కి నడిచింది. నేను కుంటుతూ వెంటపడ్డాను. ఆమె సందు మధ్యలో నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా, ఒకే ఊపిరిలో చెప్పేసింది: "ఈ గోడ ఈ పొద్దున కదిలింది. బల్లలు పైన బావి దగ్గరి చదునుకి మార్చండి. ఈ పక్కింట్లోంచి అందరూ దిగాలి."

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"మా తాతల నాటి నుంచీ ఇలాగే ఉందమ్మా ఈ గోడ."

"మాంసం చల్లారిపోతుంది, నీ గోడ సంగతి తిన్నాక చూద్దాం."

"నువ్వేమన్నా ఇంజనీరమ్మవా? ఏదీ, కాగితం చూపించు."

"కాదు, కాగితమేమీ లేదు" అంది ఇదలీనా.

జుల్మీరా అక్క కొడుకు తెల్ము, నలభై ఏళ్ళవాడు, గోడలకి పలకలు అతికే మేస్త్రీ, వైను గ్లాసు పట్టుకుని గోడ దగ్గరికొచ్చి అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. "చూడండి, రాయిలా ఉంది!" నవ్వబోతూ ఇదలీనా మొహంలో ఏం చూశాడో, రెండో దెబ్బ తరవాత చెయ్యి తీసేశాడు.

"కొట్టకు నాయనా" అంది ఆమె. "దణ్ణం పెడతాను, కొట్టకు."

నేను ఫోన్ తీసి అగ్నిమాపక దళానికి చేశాను. రాత్రి లోపల దీపం పెట్టి ఎగరేసిన కాగితపు బుడగ ఒకటి పడి, ఊరి అవతల ఒక కప్పు అంటుకుందట, బండ్లు అక్కడున్నాయట. వస్తున్నామన్నారు. ముప్పావు గంట పట్టొచ్చు, ఈలోగా గోడ దగ్గర ఎవర్నీ ఉండనివ్వొద్దన్నారు. అదే మాట గట్టిగా చెప్పాను. "పండగ తాగుడు ఫోన్లు వాళ్ళకి వంద వస్తాయిలే తాతా" అన్నారెవరో.

ఇదలీనా ఎవర్నీ పట్టించుకోకుండా తిన్నగా జుల్మీరా ముందుకెళ్ళి నిలబడింది.

"జుల్మీరా, నన్ను నమ్మొద్దు. నమ్మమని అడిగే హక్కు నాకు లేదు. ఒక గాజుముక్క తెప్పించు. నేను చెయ్యి పెట్టను, నువ్వే అతికించు. అరగంట చూడు. విరక్కపోతే నేను వెళ్ళిపోతాను, మళ్ళీ ఈ సందు మొహం చూడను."

"విరిగితే?"

"విరిగితే బల్లలు మార్చు."

జుల్మీరా ఆమె మీంచి చూపు తిప్పకుండానే, "తెల్మూ, గాజు తేరా" అంది.

"గాజెక్కడుంది పిన్నీ?"

"మీ ఇంట్లో ఆ ఫుట్‌బాల్ జట్టు ఫొటో ఉందిగా, ఫ్రేము కట్టించింది."

"అయ్యో, అది కప్పు గెలిచిన ఏడాదిది!"

"వాళ్ళు మళ్ళీ గెలుస్తార్లే. తే!"

జనం నవ్వారు. నాకూ కొంచెం ఊపిరాడింది. తెల్ము ఫ్రేము లోంచి గాజు తీసి, పలకలు కోసే పనిముట్టుతో సన్నముక్క కోశాడు. వాడి సంచీలో ప్లాస్టర్ కూడా ఉంది. "గోరువెచ్చటి నీళ్ళు" అంది ఇదలీనా, "చిటికెడు ఉప్పు వెయ్యి, తొందరగా బిగుస్తుంది." జుల్మీరా తన చేపల చేతులతో ముద్ద కలిపింది. పాత సాక్షికి జానెడు పైన పెట్టింది. ఆమె చేతులు గోడ మీద ఉన్నంతసేపూ ఇదలీనా పైకే చూస్తూ నిలబడింది, పడితే ముందు నా మీద పడాలి అన్నట్టు ఆమె భుజానికి భుజం ఆనించి. వాళ్ళిద్దరూ ఒకరినొకరు తాకడం అదే మొదటిసారని నాకు అప్పుడు తట్టలేదు.

ప్లాస్టర్ బిగుసుకుంది. పన్నెండు కొట్టారు. ఊళ్ళో గుళ్ళన్నీ ఒకదాని వెంట ఒకటి మోగాయి. అందరూ గాజు వైపే చూస్తున్నారు. ఏమీ కాలేదు.

పది నిమిషాలు. పావుగంట. పిల్లలు ఆకలని ఏడుపు మొదలుపెట్టారు. ఎవరో మొక్కజొన్న రొట్టె ముక్కలు చేసి పంచారు. ఒకాయన కుర్చీ లాక్కుని గోడకి వీపు ఆనించి కూచోబోతే, ఇదలీనా వెళ్ళి ఆయన కుర్చీని ముందుకి లాగింది. ఆయన విసుక్కున్నాడు. ఇరవై నిమిషాలు. నా గుండె నా తుంటి కంటే ఎక్కువ నొప్పి పెడుతోంది. గాజు విరక్కూడదని నాలో సగం కోరుకుంటోంది, గోడ నిలబడాలి కాబట్టి. విరగాలని మిగతా సగం. విరక్కపోతే మా ఆవిడ ఈ ఊళ్ళో ఇంక తలెత్తుకు తిరగలేదు.

అరగంట నిండింది. "చాల్లే" అంది జుల్మీరా. గొంతులో కోపం కూడా లేదు, అలసట. "వెళ్ళు ఇదలీనా. ఇంటికెళ్ళు." సూపు గిన్నె ఎత్తుకుంది. జనం కుర్చీల్లోకి జరిగారు.

అప్పుడు వినిపించింది. గోటితో వైను గ్లాసుని మీటినట్టు, ఒక్క చిన్న చప్పుడు.

జుల్మీరాయే ముందు విన్నది. గిన్నె కింద పెట్టి, గోడ దగ్గరికెళ్ళింది. గాజు మీద ఈ మూల నుంచి ఆ మూలకి గీత పడి ఉంది. ఆమె చూస్తూ ఉండగానే పైముక్క కొంచెం, కంటికి ఆనీ ఆననంత, పక్కకి జరిగింది.

వెనక్కి తిరిగిన ఆ మొహం నేను మర్చిపోను. "లేవండ్రా!" అని అరిచింది. "పిల్లల్ని ఎత్తండి! బల్లలు తరవాత, ముందు పిల్లలు! లేవండి, వినపడలేదా?"

ఆ గొంతుకి ఎదురు చెప్పినవాడు లేడు. రెండు నిమిషాల్లో సందు సగం ఖాళీ అయింది. పక్కింట్లోంచి మనుషులు దిగుతున్నారు. ఒకామె కుట్టుమిషను మొయ్యబోతే జుల్మీరా లాగిపారేసింది. ఇదలీనా గుమ్మం దగ్గర నిలబడి తలలు లెక్కపెడుతోంది.

"ఎవరన్నా మిగిలారా?"

"అబీలియు గారు!" అన్నారెవరో. "మూడో అంతస్తు. చెవులు వినపడవు."

ఇదలీనా అప్పటికే మెట్లెక్కుతోంది. నేనాగమని అరిచాను. ఆగలేదు. నేనూ ఎక్కాను, తెల్ము నన్ను దాటుకుంటూ పైకి పరిగెత్తాడు. ఆ చెక్కమెట్లు నేను ఎలా ఎక్కానో నాకే తెలీదు. రెండో అంతస్తు దాటాక గోడ లోపల ఏదో చప్పుడు వినపడింది. చేటలో బియ్యం చెరుగుతున్నట్టు, సన్నగా, ఆగకుండా. గోడ లోపలి మట్టి జారుతోంది.

తెల్ము తలుపు బాదుతున్నాడు. లోపల్నించి ముసలాయన గొంతు: "రాదు! పొద్దున్నుంచీ రావట్లేదు! ఎండకి ఉబ్బినట్టుంది!"

తలుపు చట్రం వంకరైపోయింది. పై కమ్మీ తలుపు మీద కూచుని నొక్కేస్తోంది. తెల్ము రెండడుగులు వెనక్కేసి భుజంతో గుద్దబోయాడు.

"వద్దు!" ఇదలీనా వాడి చొక్కా పట్టి లాగింది. "ఇప్పుడు పైబరువంతా ఈ తలుపే మోస్తోంది. గుద్దావంటే మన నెత్తిన పడుతుంది. తలుపు అలాగే ఉండాలి. కింది పలక ఒక్కటి ఊడదియ్యి."

"ఉలి కింద ఉంది."

నా చేతికర్ర కొసన ఇనప మొన ఉంటుంది. ఇచ్చాను. వాడు పలక అంచున దూర్చి మెల్లగా మీటాడు. ఒక మేకు ఊడింది. రెండోది ఊడలేదు. పైనుంచి మా మెడల మీద సున్నం రాలుతోంది. "మెల్లగా నాయనా" అంటోంది ఇదలీనా, "మెల్లగా, మెల్లగా." చంటిపిల్లని జోకొట్టే గొంతు. పలక ఊడి లోపలికి పడింది, దాంతోపాటే నా కర్ర కూడా విరిగింది.

ఆ కన్నంలోంచి అబీలియు గారి తల బయటికొచ్చింది. ఒక చెంప నున్నగా ఉంది, ఇంకో చెంప నిండా గడ్డం సబ్బు నురగ. ఎనభై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి, మమ్మల్ని చూసి, "భోజనం మొదలెట్టేశారా?" అన్నాడు. తెల్ము ఆయన్ని భుజాన వేసుకున్నాడు. ఆయన వాడి వీపు మీద గుద్దుతూ, "నా పళ్ళు! పళ్ళ సెట్టు గ్లాసులో ఉంది, ఆగరా!" అని అరుస్తూనే కిందికి వెళ్ళాడు.

నేను దిగలేకపోయాను. తుంటి పట్టేసింది. ఇదలీనా నా చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుంది. ఒక్కో మెట్టు, ఒక్కో మెట్టు. "నువ్వెళ్ళవే" అన్నాను. "నోరు మూసుకుని కాలు తియ్యి" అంది. బయటి వెలుతురు కనపడేసరికి ఇనప టోపీలు పెట్టుకున్న అగ్నిమాపక దళం వాళ్ళు ఎదురొచ్చి మమ్మల్నిద్దర్నీ ఎత్తుకుపోయారు.

వాళ్ళు సందుకి రెండు వైపులా అడ్డంగా తాళ్ళు కట్టారు. వాళ్ళ పెద్ద ఇదలీనాని నాలుగు ప్రశ్నలు అడిగి, గోడ వైపు ఒక్కసారి చూసి, ఇంకా రెండిళ్ళు ఖాళీ చేయించాడు. బల్లలన్నీ అప్పటికే పైన బావి దగ్గరికి చేరాయి. మాంసం చల్లబడి కొవ్వు తెల్లగా పేరుకుంది. కొందరు తిన్నారు, కొందరు తినలేకపోయారు.

మూడింటికి ఇరవై నిమిషాలుందనగా గోడ పడింది. పడటం అంటే నేననుకున్నట్టు ముందుకి ఒరగలేదు. నడుం విరిగినట్టు మధ్యలో కుంగి, తనలోకి తనే కూచుంది. చప్పుడు కంటే ముందు పావురాలు లేచాయి. తరవాత దుమ్ము సందులోంచి ఏరులా పైకి వచ్చి మమ్మల్ని ముంచేసింది. ఎవరూ అరవలేదు. దుమ్ము తగ్గాక చూస్తే, ఎత్తు కుర్చీలు వేసిన చోట నా ట్రాములో సగమంత రాళ్ళగుట్ట. పక్కింటికి పక్కగోడే లేదు. అబీలియు గారి గది, అద్దం, అద్దం ముందు గ్లాసు ఆకాశానికి కనపడుతున్నాయి.

ఇదలీనా బావి గట్టు మీద కూచుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

జుల్మీరా వచ్చి పక్కన కూచుంది. జుట్టంతా దుమ్ముతో తెల్లగా, ఆమె తల్లి వయసుదానిలా ఉంది. కౌగిలించుకుంటుందేమో అనుకున్నాను.

"ఇవాళ్టి దానికి నీకు దణ్ణం" అంది. "నా మనవరాలి కుర్చీ కూడా అక్కడే ఉండింది. చచ్చేదాకా మర్చిపోను. కానీ అమ్మ సంగతి వేరే. దాన్నీ దీన్నీ కలపలేను. నా వల్ల కాదు."

"కలపొద్దు" అంది ఇదలీనా.

జుల్మీరా కింద కూలిన గోడ వైపు చూసింది.

"ఒకటడుగుతా. అబద్ధం చెప్పకు. ఆ ఇల్లు, నది ఒడ్డుది. అప్పుడు పడేదా?"

ఈ ప్రశ్నకి మా ఆవిడ నిద్రలో కూడా జవాబు వెతకడం నేను చూశాను. అవునంటే ఆ క్షణాన జుల్మీరా నమ్మేది. నమ్మితే ఇద్దరికీ తేలికయ్యేది.

"తెలీదు జుల్మీరా" అంది ఇదలీనా. "దూలాలు పెట్టేశాక ఇంక తెలిసే దారి లేదు. పడేదేమో. పడకపోనేమో. నాకు తెలీదు."

జుల్మీరా తల ఊపింది. "ఆ రోజు శ్మశానంలో ఈ మాట చెప్పుంటే నిన్ను కొట్టేదాన్ని" అంది. "కొట్టినా బావుండేది" అంటూ లేచి గౌను దులుపుకుని, అబీలియు గారికి సూపు పట్టుకెళ్ళింది. ఆయన పళ్ళు లేకుండా తాగగలిగింది అదొక్కటే.

సందులో నాలుగు కుటుంబాలు ఇళ్ళు పోగొట్టుకున్నాయి. చుట్టాల ఇళ్ళలో సర్దుకున్నారు, ఏడాదిన్నర తరవాత రెండు కుటుంబాలు తిరిగి వచ్చాయి. అబీలియు గారు నది అవతల మేనకోడలి దగ్గరికి వెళ్ళాడు, మరుసటి ఏడాది అక్కడే చనిపోయాడు. ఆయన అంత్యక్రియలకి ఇదలీనా పువ్వులు పట్టుకు వెళ్ళింది. గుమ్మం దగ్గర జుల్మీరా పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చింది.

నా ఆపరేషన్ అనుకున్నదానికంటే రెండు వారాలు ఆలస్యంగా జరిగింది. ఆ మెట్లెక్కినందుకు డాక్టరు బాగా చివాట్లు పెట్టాడు. పక్కనే నిలబడి ఇదలీనా, "ఇంకో రెండు తిట్లు తిట్టండి డాక్టరుగారూ, ఆ కర్ర కూడా విరగ్గొట్టుకొచ్చాడు" అంది.